కంపెనీ స్టీరియో తీయకుండానే కారులో మంచి సౌండ్

విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉన్నప్పుడు పాట బాగానే ఉంటుంది. మృదంగం దెబ్బ తెలుస్తుంది, పాడేవాళ్ల గొంతు నిండుగా వినిపిస్తుంది. కారు కనకదుర్గ వారధి ఎక్కి, గుంటూరు వైపు 80, 90 స్పీడు అందుకునేసరికి అదే పాట పల్చబడిపోతుంది. బేస్ ఎటు పోయిందో తెలియదు. వాల్యూమ్ పెంచితే గొంతు కీచుమంటుందే తప్ప మృదంగం తిరిగి రాదు. ఇంకా పెంచితే డోర్‌లో ఏదో గిలక్కాయలా కొట్టుకోవడం మొదలవుతుంది. మంగళగిరి దాటేలోపు విసుగొచ్చి పాట ఆపేసేవాళ్లు తక్కువేం కాదు.

ఆ విసుగుతో ఆటోనగర్‌లోనో ఇంకోచోటో కార్ యాక్సెసరీస్ షాపు మెట్లెక్కితే సాధారణంగా వినిపించే సలహా ఒకటుంది: "ఈ కంపెనీ స్టీరియో తీసేద్దాం సార్, పెద్ద ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టి, డిక్కీలో ఒక బేస్ ట్యూబ్ వేద్దాం." పని పూర్తయ్యాక షాపు ముందు పాట పెడితే గుండెలు అదురుతాయి. నెల తిరిగేసరికి ఆ అదురుడే తలనొప్పి అవుతుంది, గొంతు మాత్రం మునుపటిలాగే పల్చగా ఉంటుంది. ఖర్చు పెట్టిన చోటు వేరు, లోపం ఉన్న చోటు వేరు కావడమే దీనికి కారణం.

ఇప్పటి కార్లలో స్టీరియో పాటలు పెట్టే పెట్టె ఒక్కటే కాదు. రివర్స్ కెమెరా బొమ్మ అందులోనే వస్తుంది, స్టీరింగ్ మీది బటన్లు దానికే చెప్తాయి. కొన్ని మోడళ్లలో ఏసీ సెట్టింగులు, టైర్లలో గాలి, డోర్ లాక్ ఎలా పని చేయాలన్నది కూడా ఆ స్క్రీన్ మీదే. అది కారులోని మిగతా కంప్యూటర్లతో మాట్లాడుతూ ఉంటుంది. దాన్ని పీకేస్తే ఆ మాటలన్నీ ఒక అడాప్టర్ డబ్బా ద్వారా జరగాలి. అది సరిగ్గా కుదిరితే ఫర్వాలేదు, కుదరకపోతే ఏదో ఒక బటన్ పనిచేయదు, ఏదో ఒక హెచ్చరిక లైటు ఆరదు. ఎండ సంగతి సరేసరి. రోహిణి కార్తెలో విజయవాడలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేం. కారు తయారుచేసేవాళ్లు తమ స్టీరియోని అలాంటి వేడిని దృష్టిలో పెట్టుకునే చేయిస్తారు. చవకరకం స్క్రీన్లు అంత వేడికి నెమ్మదించడం, మధ్యలో ఆగి మళ్లీ మొదలవడం మామూలే.

పైగా, చాలా కార్లలో సౌండ్ పాడుచేస్తున్నది స్టీరియో కానే కాదు. బ్లూటూత్ నుంచో పెన్ డ్రైవ్ నుంచో వచ్చే పాటని చదివి సిగ్నల్‌గా మార్చేంత వరకూ అది చక్కగానే పని చేస్తుంది. ఇబ్బందంతా ఆ తర్వాతి దారిలోనే ఉంది: దానికున్న బలం, అది నడిపే స్పీకర్, ఆ స్పీకర్ కూర్చున్న డోర్.

ముందు బలం సంగతి. చాలా స్టీరియోల మీదా, వాటి కాగితాల్లోనూ '50 వాట్లు × 4' అని ఉంటుంది. అది నిజమేనా అని తేల్చుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు, స్టీరియో వెనకున్న ఫ్యూజు చూస్తే చాలు. చాలావాటికి 10 లేదా 15 యాంపియర్ల ఫ్యూజు ఉంటుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు కారు కరెంటు సుమారు 14 వోల్టులు. 15 యాంపియర్లను 14 వోల్టులతో గుణిస్తే 210 వాట్లు. లోపలికి వెళ్లేదే గరిష్ఠంగా అంత. అందులో సగానికి దగ్గరగా వేడి కింద పోతుంది. మిగిలినదాన్ని నాలుగు స్పీకర్లకు పంచితే ఒక్కోదానికి వచ్చేది సుమారు పాతిక వాట్లే. శుభ్రంగా, గరగర లేకుండా వచ్చేది 15 నుంచి 20 వాట్లు. 50 అనేది సౌండ్ పూర్తిగా చిరిగిపోయే స్థాయిలో క్షణకాలం కొలిచిన అంకె.

20 వాట్లు తక్కువేం కాదు. మంచి స్పీకర్‌కి అది చాలినంత. స్పీకర్ కొనేటప్పుడు అందరూ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లే చూస్తారు. చూడాల్సింది చిన్న అక్షరాల్లో ఉండే సెన్సిటివిటీ, అంటే ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నది. ఇందులో 3 డెసిబెల్స్ తేడా అంటే వాట్ల లెక్కలో రెట్టింపు. 92 డెసిబెల్స్ స్పీకర్ 20 వాట్లతో ఎంత మోగుతుందో, 89 డెసిబెల్స్ స్పీకర్ అంత మోగడానికి 40 వాట్లు కావాలి. కంపెనీ స్టీరియో ఉంచుకుని, యాంప్లిఫయర్ (సిగ్నల్ బలం పెంచే పెట్టె) వేయించే ఉద్దేశం లేనివాళ్లు '300 వాట్లు' అని రాసి ఉన్న బరువైన స్పీకర్ కొంటే, దాని సెన్సిటివిటీ తక్కువైతే సౌండ్ తగ్గుతుంది. డబ్బులు పెట్టి మరీ మునుపటి కంటే నీరసమైన సౌండ్ తెచ్చుకున్నట్టు అవుతుంది.

స్పీకర్ కొనేముందు డోర్ చూడాలి. కారు డోర్ మధ్యలో, హ్యాండిల్ కింద, పైరేకు మీద వేలి కణుపుతో కొట్టి చూస్తే ఖాళీ నూనె డబ్బా మోగినట్టు మోగుతుంది. స్పీకర్ లోపల పాట మోగిన ప్రతిసారీ ఆ డబ్బా కూడా మోగుతూనే ఉంటుంది. డోర్ ప్యాడ్ ఊడదీస్తే లోపల రెండు రేకులు కనిపిస్తాయి. బయటది నున్నగా, పల్చగా ఉంటుంది. లోపలిదానికి చేతులు పట్టేంత పెద్ద పెద్ద కంతలు ఉంటాయి, అద్దం మోటారు బిగించడానికీ వైర్లు లాగడానికీ అవసరమని. ఆ కంతల మీద పల్చటి ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది. స్పీకర్ ఒక ప్లాస్టిక్ చట్రంలో మూడు నాలుగు స్క్రూలతో నిలబడి ఉంటుంది. దాన్ని చేతిలోకి తీసుకుంటే కొన్ని కార్లలో ఎంత తేలిగ్గా ఉంటుందంటే, వెనకున్న అయస్కాంతం రూపాయి బిళ్లలు నాలుగు పేర్చినట్టు ఉంటుంది.

ఇంట్లో ఉండే స్పీకర్‌కీ, పెళ్లి పందిట్లో మోగే స్పీకర్‌కీ చెక్కపెట్టె ఉంటుంది. ఆ పెట్టె అందం కోసం పెట్టింది కాదు. స్పీకర్‌లో కదిలే గరాటు ఆకారపు పొర, అంటే కోన్, ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పల్చబడుతుంది. ముందు గాలీ వెనక గాలీ కలుసుకుంటే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. బేస్‌లో ఈ నష్టం ఎక్కువ. ఉత్త స్పీకర్‌ని చేత్తో పట్టుకుని పాట పెడితే పాకెట్ రేడియోలా కీచుమనడం ఇందుకే. కారులో స్పీకర్‌కి పెట్టె అంటే డోరే. ఆ పెట్టెకి అన్నేసి కంతలుంటే, ఎంత ఖరీదైన స్పీకర్ వేసినా వెనక గాలి ఆ కంతల్లోంచి ముందుకొచ్చి బేస్‌ని తినేస్తుంది.

కాబట్టి మొదటి ఖర్చు డోర్ మీదే పెట్టాలి. బ్యూటైల్ రబ్బరుకి పైన అల్యూమినియం పొర ఉండే డ్యాంపింగ్ షీటు, సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉన్నది, బయటి రేకుకి లోపలివైపు అంటించాలి. రేకు మొత్తం కప్పేయక్కర్లేదు. మధ్యభాగంలో, స్పీకర్‌కి ఎదురుగా, పావు వంతో మూడో వంతో అంటిస్తే రేకు మోత అణుగుతుంది. తర్వాత లోపలి రేకుకున్న కంతలు మూయాలి. ఇది ఓపికగా చేయాల్సిన పని. అద్దం పూర్తిగా దిగేటప్పుడు అడ్డు రాకూడదు, లాక్ కడ్డీలు కదలాలి, రేపు మోటారు పాడైతే విప్పడానికి వీలుండాలి. డోర్ అడుగున చిన్న చిన్న రంధ్రాలుంటాయి. వాన నీళ్లు అద్దం పక్క నుంచి లోపలికి దిగి వాటిలోంచే బయటికి పోతాయి. వాటిని మూసేస్తే ఒక్క వర్షాకాలానికే డోర్ అడుగు తుప్పు పడుతుంది. కంతలు షీటుతో మూయకపోతే కనీసం పాత ప్లాస్టిక్ షీటునైనా ఎలా ఉందో అలా తిరిగి అంటించాలి. అది చింపేసి వదిలేసిన కార్లలో వానకి కాళ్లకింద మ్యాట్ తడుస్తుంది. ఎక్కడి నుంచి నీళ్లు వస్తున్నాయో తెలియక ఓనరు తల పట్టుకుంటాడు.

షీటు రకం విషయంలో ఒక జాగ్రత్త. ఇళ్ల స్లాబుల మీద నీళ్లు కారకుండా అంటించే తారు షీట్లు చూడటానికి ఇలాగే ఉంటాయి, చవక కూడా. వాటిని డోర్‌లో అంటిస్తే మన ఎండకి మెత్తబడి జారుతాయి, కారంతా రోడ్డు వేస్తున్నప్పటి తారు వాసన వస్తుంది. అది ఒకసారి పట్టిందంటే వదిలించడం చాలా కష్టం. బ్యూటైల్ షీటు ముక్కని లాగితే చ్యూయింగ్ గమ్‌లా సాగుతుంది. వాసన దాదాపుగా ఉండదు. అంటించేముందు రేకు మీద దుమ్ము, జిడ్డు థిన్నర్‌తో తుడిచి, రోలర్‌తో గాలి లేకుండా నొక్కాలి. చేత్తో ఒత్తి వదిలేసిన షీటు రేకుని ఆపదు, ఊరికే దాని మీద కూర్చుంటుంది.

ఈ పనికి ఇంకో లాభం ఉంది. కారు పరుగెత్తుతున్నప్పుడు టైర్ల హోరు ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాల్లోనే, అంటే బేస్ ఉండే చోటే ఉంటుంది. వారధి దాటాక బేస్ మాయమవడానికి సగం కారణం ఇదే. బేస్ వస్తూనే ఉంటుంది, రోడ్డు హోరు దాన్ని కప్పేస్తుంది. డోర్లు గట్టిపడితే ఆ హోరు కొంతైనా తగ్గుతుంది, వాల్యూమ్ అంతగా పెంచాల్సిన పని ఉండదు.

డోర్ తర్వాత స్పీకర్. అదీ ముందు డోర్లవే. వెనక సీటు స్పీకర్ల మీద ఖర్చు చివరికి వాయిదా వేయొచ్చు, అసలు మానేసినా నష్టం లేదు. కచేరీలో పాడేవాళ్లు మనకి ఎదురుగా కూర్చుంటారు, వెనక నుంచి పాడరు. చాలా కార్లలో ముందు డోర్‌లో ఆరున్నర అంగుళాల స్పీకర్ పడుతుంది. అది మోకాలి కిందెక్కడో కూర్చుని ఎదుటి కాలి పిక్కకి పాట వినిపిస్తుంటుంది. ఆ సైజు కోన్ సుమారు 2,500 హెర్ట్జ్ దాటిన ధ్వనిని టార్చ్ లైటులా సూటిగా పంపుతుంది, పక్కలకి పంచదు. పాటలో మాటల స్పష్టత, వయొలిన్ కమాను గీత, తాళాల చివర మెరుపు ఉండేదంతా ఆ పైనే. అందుకే ట్వీటర్ (సన్నటి ధ్వనులు పలికే చిన్న స్పీకర్) విడిగా ఉండే కాంపొనెంట్ సెట్ వేసి, ట్వీటర్‌ని అద్దం మూల దగ్గర పెడితే గొంతు కాళ్ల దగ్గర నుంచి లేచి డ్యాష్‌బోర్డు మీదికి వస్తుంది. ఇంత చిన్న మార్పుకి ఇంత పెద్ద తేడా కారు సౌండ్‌లో మరెక్కడా కనిపించదు. చాలా కొత్త కార్లలో ముందు అద్దం పక్కనుండే స్తంభం లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. ట్వీటర్ కోసం ఆ ప్లాస్టిక్‌కి రంధ్రం పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

స్పీకర్‌ని రేకుకి బిగించే రింగు గురించి కూడా చెప్పుకోవాలి. మామూలుగా ఎండీఎఫ్ చెక్కతో కోసి పెడతారు. డోర్ లోపలికి నీళ్లు వస్తాయి కాబట్టి అది ఉబ్బి, పొరలు విడిపోయి స్క్రూ పట్టు వదులుతుంది. గట్టి ప్లాస్టిక్ రింగు గానీ, మెరైన్ ప్లైవుడ్‌కి నాలుగు వైపులా పెయింట్ వేసిన రింగు గానీ మేలు. రింగుకీ రేకుకీ మధ్య, స్పీకర్‌కీ డోర్ ప్యాడ్‌కీ మధ్య ఫోమ్ పట్టీ ఉండాలి. లేకపోతే సౌండ్‌లో కొంత ప్యాడ్ వెనకే తిరుగుతుంది. ఊడదీసినప్పుడు ప్యాడ్ క్లిప్పులు రెండు మూడు విరగడం సహజం. విరిగినవాటితోనే ప్యాడ్ నొక్కేస్తే మొదట చెప్పిన గిలక్కాయ మోత మళ్లీ మొదలవుతుంది. ఆటోనగర్‌లో దాదాపు ఏ మోడల్ క్లిప్పులైనా విడిగా దొరుకుతాయి, కొత్తవే వేయించుకోవాలి.

పాత స్పీకర్ తీశాక దాని రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టి ఓమ్స్ (కరెంటుకి అడ్డు ఎంతో చెప్పే కొలత) చూడటం మరవకూడదు. 3.2 నుంచి 3.8 మధ్య చూపిస్తే అది మామూలు 4 ఓమ్స్ స్పీకర్. రెండుకి దగ్గరగా చూపిస్తే కారులో ఎక్కడో విడిగా యాంప్లిఫయర్ ఉందని అనుమానించాలి. బోస్, హర్మన్, జేబీఎల్, సోనీ లాంటి పేర్లతో వచ్చే ఖరీదైన వేరియంట్లలో ఇలా ఉండే అవకాశం ఎక్కువ. వాటిలో 4 ఓమ్స్ స్పీకర్ వేస్తే సౌండ్ పడిపోతుంది. అక్కడ స్పీకర్ల జోలికి పోకుండా డోర్ పనితో ఆగడమే తెలివి.

కొత్త స్పీకర్ వేశాక బేస్ పెరగకపోగా తగ్గిందంటే తొంభై పాళ్లు ప్లస్, మైనస్ తారుమారై ఉంటాయి. ఒక డోర్ కోన్ ముందుకు తోస్తుంటే రెండో డోర్ కోన్ వెనక్కి లాగుతుంది. బేస్ గాలిలోనే చచ్చిపోతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. బ్యాలెన్స్‌ని పూర్తిగా ఒక పక్కకి తిప్పి వినాలి, తర్వాత మధ్యకి తేవాలి. ఒక్క స్పీకర్ మోగినప్పటి కంటే రెండూ మోగినప్పుడు బేస్ తగ్గితే వైర్లు తిరగబడ్డాయన్నమాట. గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లుతో కూడా చూడొచ్చు. సెల్లు ప్లస్‌ని స్పీకర్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి తాకిస్తే కోన్ బయటికి రావాలి.

చాలామందికి ఇక్కడితో సరిపోతుంది. గొంతు, వీణ, వయొలిన్, మృదంగం ప్రధానంగా వినేవాళ్లకి గట్టిపడిన డోర్, మంచి ముందు స్పీకర్లు, కంపెనీ స్టీరియో ఉంటే చాలు. హైవే మీద కూడా నిండుగా కావాలన్నవాళ్లకి యాంప్లిఫయర్ కావాలి. కంపెనీ స్టీరియోలకి యాంప్లిఫయర్ కోసం ప్రత్యేకమైన అవుట్‌పుట్ దాదాపుగా ఉండదు, స్పీకర్ వైర్లే ఉంటాయి. అది సమస్యే కాదు. ఇప్పటి చిన్న యాంప్లిఫయర్లు చాలావరకు స్పీకర్ వైర్ల సిగ్నల్‌ని నేరుగా తీసుకుంటాయి. అలా తీసుకోలేనివాటికి మధ్యలో ఆ సిగ్నల్‌ని తగ్గించి ఇచ్చే హై-లో కన్వర్టర్ పెడతారు. స్టీరియో ఆన్ అయినప్పుడు దాని స్పీకర్ వైర్లు ఒక్కోదాని మీద బ్యాటరీలో సగం, అంటే 6, 7 వోల్టులు నిలబడి ఉంటాయి. దాన్ని పసిగట్టి యాంప్లిఫయర్ తనంతట తానే ఆన్ అవుతుంది. ఈ కారణానికే స్పీకర్ మైనస్ వైరుని ఎప్పుడూ బాడీ ఎర్త్‌కి కలపకూడదు. పాత క్యాసెట్ ప్లేయర్ల కాలం అలవాటుతో ఎవరైనా అలా కలిపితే స్టీరియో లోపలి ఐసీ కాలిపోవచ్చు.

వైర్లు కోయడానికి మాత్రం ఒప్పుకోకండి. స్టీరియో వెనక వైర్లు కలిసే ప్లగ్గుని కప్లర్ అంటారు. కంపెనీ కప్లర్‌కి సరిగ్గా సరిపోయే జంట కప్లర్ ఒకటి కొని, మధ్యలో దాన్ని బిగిస్తే సిగ్నల్ దొరుకుతుంది. రేపు తీసేస్తే కారు మళ్లీ మొదటిలా అయిపోతుంది. వైరు కోసి టేపు చుట్టిన కారులో తర్వాత ఏ ఎలక్ట్రికల్ తేడా వచ్చినా వారంటీ దగ్గర మాట పడుతుంది. షాపులో "రెండు నిమిషాల్లో కోసి కలిపేస్తాం" అన్నప్పుడు కప్లర్ తెప్పించమని నిలబడి అడగడం తప్పు కాదు.

కంపెనీ స్టీరియోతో ఉన్న అసలైన చిక్కు ఇంకోటుంది, దాన్ని కొద్దిమందే గమనిస్తారు. చవక స్పీకర్లు చిరిగిపోకుండా కాపాడటానికి, వాల్యూమ్ ఒక స్థాయి దాటాక బేస్‌ని తగ్గించేలా చాలా స్టీరియోలకి లోపలే ప్రోగ్రాం రాసి ఉంటుంది. వారధి మీద వాల్యూమ్ పెంచినా మృదంగం తిరిగి రాకపోవడానికి రెండో కారణం ఇదే. ఒకవైపు రోడ్డు హోరు బేస్‌ని కప్పుతుంటే, ఇంకోవైపు వాల్యూమ్ పెంచేకొద్దీ స్టీరియో దాన్ని కోస్తుంటుంది. యాంప్లిఫయర్ పెట్టినా ఆ కోత సిగ్నల్‌తో పాటే వస్తుంది.

దీనికి మందు కోత మొదలయ్యే గీత ఎక్కడుందో కనిపెట్టడం. 50 హెర్ట్జ్ టోన్ ఒకటి పెన్ డ్రైవ్‌లో వేసుకోవాలి. మన ఇళ్ల కరెంటు కూడా 50 హెర్ట్జే కాబట్టి మామూలు మల్టీమీటర్ కూడా ఈ టోన్‌ని ఏసీ వోల్టుల్లో సరిగ్గా కొలుస్తుంది. స్టీరియోలో బేస్, ట్రెబుల్ మధ్యలో పెట్టి, స్పీకర్ ఊడదీసి, ఆ వైర్ల మీద మీటర్ పెట్టి వాల్యూమ్ ఒక్కో మెట్టు పెంచుతూ పోవాలి. ప్రతి మెట్టుకీ వోల్టులు పెరుగుతాయి. ఒక చోట పెరగడం ఆగుతుంది, లేదా తగ్గడం మొదలవుతుంది. వాల్యూమ్ 40 వరకూ ఉన్న స్టీరియోలో అది 24 దగ్గర ఆగిందనుకుందాం. ఇక ఆ కారులో 24 దాటకూడదు. 22, 23 దగ్గరే హైవేకి సరిపడా సౌండ్ వచ్చేలా యాంప్లిఫయర్ గెయిన్ పెట్టించుకోవాలి. గెయిన్ అంటే రెండో వాల్యూమ్ బటన్ కాదు, స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కి యాంప్లిఫయర్ చెవిని సరిచేసే స్క్రూ. అర్ధగంట పట్టే ఈ పని చేసిపెట్టే మెకానిక్ దొరికితే అతన్ని వదులుకోకూడదు.

ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే డీఎస్పీ (సిగ్నల్‌ని అంకెల్లో సరిదిద్దే చిప్) ఉన్న యాంప్లిఫయర్ తీసుకోవడం మంచిది. కంపెనీవాళ్లు తమ స్పీకర్ల కోసం పెంచిన, తగ్గించిన చోట్లన్నీ అది సరిచేయగలదు. దూరాన్ని కూడా సరిచేస్తుంది. మన కార్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. కుడి డోర్ స్పీకర్ కంటే ఎడమ డోర్ స్పీకర్ అతనికి అరమీటరుకి పైగా దూరం. ధ్వని 35 సెంటీమీటర్లు దాటడానికి ఒక మిల్లీసెకను పడుతుంది. ఆ తేడా వల్లే పాడేవాళ్లు ఎప్పుడూ కుడి మోకాలి దగ్గర కూర్చుని పాడుతున్నట్టు ఉంటుంది. కుడి స్పీకర్‌ని ఒకటిన్నర మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే గొంతు నెమ్మదిగా జరిగి డ్యాష్‌బోర్డు మధ్యకి వస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు మధ్యలో కొత్త స్పీకర్ ఏమైనా పెట్టారా అని వెతుక్కుంటారు.

యాంప్లిఫయర్‌కి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి రావాలి. నాలుగు స్పీకర్లకి 75 వాట్ల చొప్పున 300 వాట్లు అనుకుంటే, వేడి కింద పోయేదానితో కలిపి 375 వాట్లు, అంటే సుమారు 27 యాంపియర్లు. ఆ వైరు మీద ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఫ్యూజు యాంప్లిఫయర్ దగ్గర పెడితే అది కాపాడేది యాంప్లిఫయర్‌నే. దారి పొడవునా వైరు ఎక్కడ రేకుకి ఒరుసుకుని తెగినా మంట ఆపేది ఉండదు. ఇంజను వైపు నుంచి లోపలికి వచ్చే చోట రేకు కంతకి రబ్బరు గ్రోమెట్ (వైరు అంచుకి ఒరుసుకోకుండా కాపాడే రింగు) తప్పనిసరి. ఇక వైరు రకం. లావుగా, మెరుస్తూ, చవకగా దొరికే వైర్లలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత పూసినవే. అల్యూమినియం రాగితో పోలిస్తే 60 శాతమే కరెంటుని మోస్తుంది. ఒక పోగుని బ్లేడుతో గీకితే తెలిసిపోతుంది: ఎర్రగా ఉన్నది గీకగానే తెల్లగా బయటపడితే అది పూత. తగరం పూసిన మంచి రాగి వైరు ఇందుకు తిరగబడి ఉంటుంది, పైకి తెల్లగా, గీకితే ఎర్రగా.

సబ్ ఊఫర్, అంటే బేస్ కోసమే పెట్టే స్పీకర్, చివరికి రావాలి, అదీ అవసరమనిపిస్తేనే. ఈ ప్రాంతంలో సీఎన్‌జీ కార్లు బాగా తిరుగుతున్నాయి, వాటి డిక్కీ సిలిండరుకే సరిపోతుంది. బేస్ ట్యూబ్ పెట్టడానికి చోటు లేదని బాధపడక్కర్లేదు. సీటు కింద పట్టే 8 అంగుళాల సబ్ ఊఫర్ చిన్న కారుకి చాలు. కారు లోపలి గది చిన్నది కావడంతో 60, 70 హెర్ట్జ్ కంటే కింద సౌండ్ దానంతటదే కొంత పెరుగుతుంది. 80 హెర్ట్జ్ కింద సబ్ ఊఫర్‌కి, పైన డోర్లకి పంచితే డోర్ స్పీకర్లు తేలికపడతాయి, గొంతు ఇంకా శుభ్రమవుతుంది. బేస్ ట్యూబ్‌లలో చాలావరకు ఒకే స్వరం దగ్గర బుమ్మంటాయి. ఏ పాట పెట్టినా ఒకే మోత రావడం ఇందుకే. సీటు కింద పనిచేసేటప్పుడు పసుపు రంగు కప్లర్లు కనిపిస్తే ముట్టుకోకూడదు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు అంతకంటే ప్రమాదం. వాటిలో వందల వోల్టులు ఉంటాయి.

సెకండ్ హ్యాండ్ కారు కొని ఈ పనులు మొదలుపెట్టేవాళ్లు విజయవాడలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఎన్నో కార్లు మునిగాయి. సీట్లు ఉతికి, పాలిష్ పెడితే పైకి ఏమీ తెలియదు. ముందు డోర్ స్పీకర్ ఉండేది మోకాలి ఎత్తు కంటే కింద. దాన్ని ఊడదీస్తే కాగితపు కోన్ అంచు ముడతలు పడి ఉండటం, వెనక చట్రానికి తుప్పు, డోర్ అడుగున ఆరిపోయిన సన్నటి బురద గీత కనిపిస్తాయి. అలాంటి కారులో సౌండ్ కంటే ముందు కింద నేల మీద నడిచే వైరింగ్ అంతా చూపించుకోవాలి.

పాట నాణ్యత గురించి ఒక్క మాట. ఫోన్ యాప్‌లో డేటా ఆదా చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఎంత ఖర్చు పెట్టినా పాట మసకగానే ఉంటుంది. అది ఆపేసి, మంచి ఫైళ్లు పెన్ డ్రైవ్‌లో వేసుకుంటే తేడా వెంటనే వినిపిస్తుంది.

చెవుల సంగతి కూడా మరవొద్దు. 80 డెసిబెల్స్ సౌండ్‌ని వారానికి 40 గంటల వరకూ వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. సౌండ్ పెరిగేకొద్దీ ఆ గంటలు గబగబా తరిగిపోతాయి. డోర్లు గట్టిచేసి హోరు తగ్గించుకోవడం అందుకు కూడా పనికొస్తుంది: తక్కువ వాల్యూమ్‌లోనే పాట నిండుగా వినిపిస్తుంది, వెనక వచ్చే అంబులెన్సు సైరనూ వినిపిస్తుంది.

పని అయ్యాక షాపు ముందు ఆగి ఉన్న కారులో విని తల ఊపేయకూడదు. ఆగిన కారులో ఏ సిస్టమ్ అయినా బాగానే ఉంటుంది. బాగా ఎరిగిన ఒక గొంతు, ఒక మృదంగం ఉన్న కచేరీ రికార్డింగ్ పెట్టుకుని, మెకానిక్‌ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వారధి ఎక్కాలి. 80 స్పీడులో మృదంగం ఎడమవైపు, అంటే తొప్పి మీద అరచెయ్యి పడిన శబ్దం తెలుస్తుందో లేదో, పక్క లారీ దాటుతున్నప్పుడు సాహిత్యంలో మాట అర్థమవుతుందో లేదో, డోర్ ప్యాడ్ ఎక్కడైనా గలగలమంటుందో లేదో విని, తిరిగొచ్చి, మిగిలిన స్క్రూ ఏదైనా ఉంటే బిగించాకే డబ్బులు ఇవ్వాలి.